ముందుగదికి వేసింది పడవ రంగు కాదు

ఫరంపేట దేవసహాయం మాస్టారి ముందుగదికి నేను వేసింది పడవ రంగు కాదు. మీగడ రంగు డిస్టెంపరు, నీళ్ళలో కలిపి గోడలకి వేసేది. పడవకి వేయగా మిగిలిన నెమలికంఠం రంగు తెచ్చి ఆయన గోడలకి కొట్టేశానని మాస్టారు ఊరంతా చెప్పారు. బడిలో చెప్పారు, బజారులో చెప్పారు, క్రిస్మస్ నాడు ఇంటికొచ్చిన వాళ్ళకి గోడ చూపించి మరీ చెప్పారు. ఐదేళ్ళు చెప్పారు. అది అన్యాయం. అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

నేను యానాంలో నలభై ఏళ్ళకి పైగా ఇళ్ళకి రంగులు వేశాను. బ్రష్షు వదిలేసి చాలా కాలమైంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చే కుర్రాళ్ళు అప్పుడప్పుడూ మా అరుగు మీద కూర్చుని, బాబాయ్ ఏదైనా చెప్పు అంటారు. నేను ఆ ముందుగది దగ్గరే మొదలుపెడతాను. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వుతారు. నవ్వండి, నాకేం. కానీ మీకు ఇప్పుడు డబ్బా మీద నంబరు చెప్తే మిషనే రంగు కలిపిచ్చేస్తోంది. గదికి ఏ రంగు నప్పుతుందో ఆ మిషను చెప్పదు. అది చెప్పాల్సింది మీరు. అందుకని రాస్తున్నాను. ఎన్ని ఇళ్ళు వేశాను, ఎప్పుడు మేస్త్రీనయ్యాను, అవి మీకు అక్కర్లేదు.

తాతారావు మేస్త్రి నేర్పింది, నేర్పనిది

నేను మూడో తరగతితో బడి మానేశాను. తర్వాత చదువంతా పొట్లాల కాగితాల మీద, గ్రంథాలయంలో పేపర్లేసే బల్ల దగ్గర. రంగుల చదువు మాత్రం తాతారావు మేస్త్రి దగ్గర. నోట్లో చుట్ట తీసేవాడు కాదు. చుట్ట పక్కనుంచే తిట్టేవాడు. ఆయన తిట్లు ఇక్కడ రాయను, మా కోడలు ఈ కాగితాలు చదువుతుంది.

తడి రంగుని నమ్మకూడదని నేర్పింది ఆయనే. కలిపిన రంగు ముందు పెంకు ముక్క మీద పూసి, ఎండలో పెట్టి, పూర్తిగా ఆరాక ఇంటివాళ్ళకి చూపించేవాడు. అప్పటి డిస్టెంపరు తడిగా ఉన్నప్పుడు ముదురుగా ఉండి, ఆరితే రెండు వంతులు తేలిపోయేది. మన ఊళ్ళో గోదారి గాలికి ఆరడానికే సగం రోజు పడుతుంది. ఇంటాయనకి తొందర. తడి గోడ చూసి సరే అనేస్తాడు, ఆరాక ఇదేంటంటాడు. తప్పు ఎవరిది? చూపించినవాడిదే అనేవాడు మేస్త్రి. ఆ మాట న్యాయమే.

నేను సొంతంగా వేసిన మొదటి గది ఒక వర్తకుడి ఇంట్లో, కొత్తగా పెళ్ళయిన జంట పడకగది. పెళ్ళికొడుకు చిలకపచ్చ కావాలన్నాడు. అరచేయంత ముక్క గోడ మీద వేసి చూపించాను. మురిసిపోయాడు. నాలుగు గోడలూ అదే వేశాను, తలుపులు కూడా. మర్నాడు పొద్దున్న అతని తల్లి గుమ్మంలో నిలబడి లోపలికి అడుగు పెట్టలేదు.

"ఇదేంటి నాయనా, కోడల్ని తెస్తామన్నాం గానీ చిలకని తెస్తామన్నామా?" అంది.

ఇంటిల్లిపాదీ నవ్వారు. నేను నవ్వలేదు. మేస్త్రి వచ్చి చూసి ఒక్క తిట్టు కూడా తిట్టలేదు, అదే భయమేసింది. స్టూలు తెచ్చి గది మధ్యలో వేసి, సాయంత్రం దాకా ఇక్కడే కూర్చో, అన్నం కూడా ఇక్కడే తిను అన్నాడు. కూర్చున్నాను. మధ్యాహ్నానికి నా చేతులు కామెర్లొచ్చినట్టు కనబడ్డాయి. విస్తట్లో అన్నం పచ్చగా కనబడింది. పెరుగు పచ్చగా కనబడింది. అప్పుడు అర్థమైంది. గోడలు నాలుగూ ఒకదాని రంగు ఒకదాని మీద విసురుకుంటాయి. అరచేతిలో ముద్దుగా ఉన్న రంగు గదినిండా అయ్యేసరికి నాలుగింతలవుతుంది. ఎంచుకున్న దానికంటే ఎప్పుడూ ఒక మెట్టు తేలిక వేయాలి.

ఇంత నేర్పినవాడు ఒక్కటి నేర్పలేదు. గదిని చూడమన్నాడు. కిటికీలోంచి బయటికి చూడమనలేదు. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఎవరిని అడగాలి

ఆ రోజుల్లో రంగుల కొట్టులో కార్డు ఇచ్చేవారు. చిన్నచిన్న గళ్ళు, కింద ఇంగ్లీషు పేర్లు. ఇంటి యజమాని కొట్టులో ట్యూబులైటు కింద నిలబడి పెన్సిలుతో ఒక గడి మీద టిక్కు పెట్టుకొచ్చి, ఇదే వెయ్యి అనేవాడు. ట్యూబులైటు కింద గంధం రంగు చచ్చిన చేప పొట్టలా ఉంటుంది. లేత నీలం మల్లెపువ్వులా ఉంటుంది. ఇంటికి తెచ్చి వేస్తే అదీ ఇదీ కూడా ఉండదు. పైగా మగవాడు చొక్కా ఎంచుకున్నట్టు ఎంచుతాడు. చొక్కా సాయంత్రానికి విప్పేస్తాం. గోడ విప్పలేం కదా.

ఆ గదిలో ఎక్కువసేపు ఎవరుంటారో వాళ్ళని అడగండి. సాధారణంగా ఆ మనిషి మీ ముందుకి రాదు. వంటింట్లోనో పెరట్లోనో ఉంటుంది. వెళ్ళి అడగాలి. కార్డు చూపించకండి. బీరువాలో మీకు ఇష్టమైన చీర తెండమ్మా అనండి. ఆడవాళ్ళకి రంగుల పేర్లు మనకంటే బాగా తెలుసు. వంగపండు, ఉల్లిపొర, మామిడిపండు, ఆవపువ్వు, నెమలికంఠం. ఒక్కొక్క పేరులో ఒక రంగు కచ్చితంగా ఉంటుంది.

ఫ్రాన్సు పింఛను పుచ్చుకునే ఒక పెద్దాయన ఉండేవాడు. ఎక్కడెక్కడి దేశాల్లోనో సిపాయిగా చేసి వచ్చాడు. పడకగదికి బూడిద కలిసిన నీలం కావాలన్నాడు. తను ఉన్న సిపాయిల బారకాసులకి అదే రంగట. ఆయన భార్య పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. అమ్మా, మీరేమంటారు అని అడిగాను. ఆవిడ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది.

"నన్నెవరూ అడగలేదే ఇప్పటిదాకా," అని, జడలోంచి కనకాంబరాల దండ తీసి నా చేతిలో పెట్టింది. "ఇందులో సగం ముదురు."

పెద్దాయన ఫ్రెంచిలో ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఆవిడకి అర్థమైంది కాబోలు, ఈసారి ఇంకా గట్టిగా కనకాంబరం అంది. నేను మూడు గోడలు లేత కనకాంబరం వేసి, ఒక గోడ ఆయన బారకాసు రంగు వేశాను. ఎవరి పక్కకి వాళ్ళు తిరిగి పడుకోండి అన్నాను. కొన్నాళ్ళకి ఆవిడ బజారులో ఎదురై, చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "ఆయన కూడా ఇటే తిరిగి పడుకుంటున్నారు నాయనా, అడిగితే ఒప్పుకోరు," అంది. ఆ రోజంతా నాకు బ్రష్షు గాల్లో తేలినట్టుంది.

మాస్టారి ముందుగది

దేవసహాయం మాస్టారు సైన్సు చెప్పేవారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చేతిలో గొడుగు. అబద్ధమాడని మనిషి, ఆడినవాణ్ణి వదలని మనిషి. అది నేను ఒప్పుకుంటాను. అందుకే ఆయన మాట అంత దూరం పోయింది. ఇంకొకరు అని ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు.

డిసెంబరు వస్తే ఫరంపేటలో క్రైస్తవుల ఇళ్ళలో మాకు ఊపిరాడనంత పని. చూరుకి నక్షత్రం కట్టేలోపు ముందుగది తయారైపోవాలి. పాటలు పాడేవాళ్ళు వచ్చి నిలబడేది అక్కడ, చుట్టాలు కూర్చునేది అక్కడ. అందుకని ముందుగది అందరికీ ఇవ్వరు. కొత్తవాడికి ప్రహరీ ఇస్తారు, తర్వాత వంటిల్లు ఇస్తారు, బాగా నమ్మకం కుదిరితే ముందుగది. ఎనభై నాలుగు డిసెంబరులో ఫరంపేటలో నాకు దొరికిన మొదటి ముందుగది మాస్టారిది. అది బాగుంటే ఆ పేటలో ముందుగదులన్నీ నావే. నాకు తెలుసు.

మాస్టారు కార్డు తెమ్మన్నారు. నేను ఆయన భార్య రూతమ్మ గారిని అడిగాను. ఆవిడ లోపలికెళ్ళి పెరుగు కుండ తెచ్చి బల్ల మీద పెట్టింది. పాల మీద మీగడ మరీ తెలుపు, నాకు ఈ పెరుగు మీద పేరిన మీగడ రంగు కావాలి బాబూ అంది. మాస్టారు నవ్వి, సరే, రేపట్నించి అందరం పెరుగులో కూర్చుందాం అన్నారు. మంచిరోజులవి. తెల్ల డిస్టెంపరులో పసుపుమట్టి చిటికెడు, కావి చిటికెలో చిటికెడు కలిపి, పెంకు మీద ఆరబెట్టి కుండ పక్కన పెట్టాను. రూతమ్మ గారు రెండింటినీ చూసి తల ఊపింది.

ఆ గదికి తూర్పున పెద్ద కిటికీ ఒకటే. కిటికీకి ఎదురుగా సందు, సందుకి అవతల ఖాళీ స్థలం. అంతకుముందు దాని చుట్టూ తాటాకు దడి ఉండేది. ఆ ఏడు గాలివానకి పడిపోయింది, మళ్ళీ కట్టలేదు. నేను రోజూ తెల్లారగానే వచ్చి, తూర్పు వెలుతురులో పనిచేసుకుని, ఎండెక్కాక వెళ్ళిపోయేవాణ్ణి. నాలుగు రోజుల్లో అయిపోయింది. గది నిజంగా పెరుగు మీద మీగడలాగే ఉంది. మాస్టారు పొద్దున్నే చూసి బాగుందని కూడా అన్నారు. ఆ మాట ఆయన తర్వాత మర్చిపోయారు. నేను మర్చిపోలేదు.

అదే వారం గంగరాజు అనే జాలరి తన పడవని గట్టెక్కించి, తెచ్చి ఆ ఖాళీ స్థలంలో దుంగల మీద నిలబెట్టాడు. కింద తారు, పైన నెమలికంఠం రంగు. ఆ పనీ నాకే చెప్పాడు. పగలంతా కిందభాగం గీకి తారు పూసి, పక్కలకి రంగు వేశాను. రెండో రోజు సాయంత్రం రెండో పూత వేస్తుంటే వెనక గొడుగు చప్పుడైంది. మాస్టారు.

"ఏరా సూరిబాబూ, ఆ డబ్బాలో ఏముంది?"

"నెమలికంఠం రంగండి. పడవకండి."

"మా గోడకీ అదేనా?"

ఎగతాళి అనుకుని నవ్వాను. మీది మీగడ కదండీ అన్నాను.

"మీగడ పచ్చగా ఉంటుందా? బడినుంచి వచ్చి నా కళ్ళతో చూశాను. ఈ బ్రష్షే అక్కడా ముంచావు. తీరిక లేక ముంచావో, మిగిలిందని కలిపేశావో నాకు తెలీదు. పడవలకి పూసేవాడికి ఇల్లప్పగించడం నాదే తప్పు."

అంతే. గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయారు. ఆ గది నాకు ఇరవై అడుగుల దూరంలో ఉంది. ఎండలో నిలబడినవాడికి కిటికీ లోపల ఏమీ కనబడదు, చీకటి గుంటలా ఉంటుంది. సందు దాటి లోపలికి వెళ్ళి చూస్తే ఆ క్షణమే అంతా తేలిపోయేది. వెళ్ళలేదు. పడవలకి పూసేవాడన్న మాట గుచ్చుకుంది. బ్రష్షు డబ్బాలో పడేసి ఇంటికి పోయాను.

మర్నాడు పొద్దున్న, మాస్టారు బడికెళ్ళాక, పెంకు ముక్క పట్టుకుని వెళ్ళాను. రూతమ్మ గారు తలుపు తీసింది. గోడ మీగడ రంగులో ఉంది. పెంకు ఆనించి చూశాను, గోడేదో పెంకేదో తెలియలేదు.

"చూడండమ్మా, ఇందులో పచ్చ ఎక్కడుంది?" అన్నాను.

"ఇప్పుడు నాకూ మీగడలాగే ఉంది బాబూ," అంది ఆవిడ. "ఓసారి సాయంత్రం వచ్చి చూడు."

సాయంత్రమంటే మాస్టారు ఉండే వేళ. మళ్ళీ నాలుగు మాటలు పడటానికి పిలుస్తోందనుకున్నాను. ఒకసారి పడ్డది చాలండి, ఈ గుమ్మం ఇంక తొక్కనండి అనేసి వచ్చేశాను. ఆవిడ ఏదో చెప్పబోయింది, వినలేదు. ఐదేళ్ళ అన్యాయంలో మాస్టారి వంతు ఎంతో చెప్పాను. ఇది నా వంతు. ఇంటామె ఒక మాట చెబుతుంటే పూర్తిగా వినండి కుర్రాళ్ళూ. కోపం తర్వాత పడొచ్చు.

మాస్టారు వేరే మనిషిని పిలిచి ఆ గదికి రెండు పూతలు సున్నం కొట్టించారు. క్రిస్మస్ మధ్యాహ్నం చుట్టాలొచ్చారు. నాలుగయ్యేసరికి ఆ తెల్లటి సున్నం కూడా పచ్చబడింది. నేను అక్కడ లేను. నలుగురు నాలుగు రకాలుగా చెప్పారు గానీ మాస్టారు అన్న మాట మాత్రం నలుగురూ ఒక్కలాగే చెప్పారు.

"చూశారా, సున్నం కిందనుంచి ఊరుతోంది. నూనె రంగు కాబట్టే ఊరుతోంది. పడవ రంగు కాకపోతే ఊరుతుందా?"

పొద్దున్న తెల్లగానే ఉంది కదండీ అందట రూతమ్మ గారు. పొద్దున చలికి నూనె గడ్డకట్టి ఉంటుంది, ఎండెక్కితే కరిగి పైకొస్తుందని ఆయన జవాబు. కొత్త సంవత్సరం వెళ్ళాక పడవని నీళ్ళలోకి తోసేశారు, పచ్చ పోయింది. సున్నం పీల్చేసిందన్నారు మాస్టారు. మళ్ళీ డిసెంబరులో పడవ వచ్చింది, పచ్చా వచ్చింది. చలికాలానికి మళ్ళీ ఊట మొదలైందన్నారు. చదువుకున్న మనిషి పొరపాటు పడితే అదే చిక్కు. మనలాంటివాడు పొరపడితే తెల్లబోతాడు. ఆయన పొరపడితే దానికో సిద్ధాంతం పుడుతుంది.

పోస్టుకార్డులు

గుమ్మం తొక్కనని ఒట్టేసుకున్నాను కాబట్టి కార్డు రాశాను. మా ఇంటికీ ఆయన ఇంటికీ సైకిలు మీద పది నిమిషాలు. అయినా కార్డే. కవరు కాదు, కార్డు. పోస్టుమేను చదవాలనే.

మొదటి కార్డులో అది మీగడ రంగని రాశాను. రెండో ఏడు, ఒక మూల సున్నం గీకి చూడండి, కింద ఏ రంగు ఉందో మీకే తెలుస్తుందని రాశాను. మూడో ఏడు కొంచెం ఘాటుగా రాశాను. నాలుగో ఏడు ఇంకా ఘాటుగా. ఐదో ఏడు మర్యాదగా రాశాను, మా ఆవిడ పక్కన కూర్చుంది. ఒక్కదానికీ జవాబు లేదు. ప్రతి క్రిస్మస్ ముందూ పోస్టుమేను సైకిలు ఆపి, "మాస్టారికి నీ కార్డు ఇచ్చేశానయ్యా. పోయినేటికంటే ఈసారి కారం ఎక్కువైంది," అనేవాడు. ఐదో ఏడు మాత్రం తగ్గిందన్నాడు.

ఊరు ఊరుకుంటుందా. నా పేరే పడవరంగు సూరిబాబు అయిపోయింది. గంగరాజు రేవులో కనబడితే చాలు, "ఏటి సూరిబాబూ, నా నావ మాస్టారింటో కాపరం పెట్టిందంట, అద్దె నీకిత్తున్నారా నాకిత్తారా," అనేవాడు. నాకూ నవ్వొచ్చేది. కానీ ఆ ఐదు డిసెంబర్లూ ఫరంపేటలో ఇంకో ముందుగది నాకు రాలేదు. ప్రహరీలిచ్చారు. దొడ్డిగోడలిచ్చారు. లోపల వేరేవాళ్ళు వేస్తుంటే బయట గోడకి సున్నం కొడుతూ, కిటికీలోంచి వాళ్ళు కలిపే రంగు చూసి, కావి ఎక్కువైంది, కావి ఎక్కువైంది అనుకుంటూ పళ్ళు నూరేవాణ్ణి. నాకు కావలసింది పెద్దదేం కాదు. ఆయన ఎంతమంది ముందు ఆ మాట అన్నారో అంతమంది ముందు వెనక్కి తీసుకోవాలి. అంతే.

అడవిపొలంలో మిరపకాయలు

ఎనభై తొమ్మిదిలో ఎండలు ముదరకముందు అడవిపొలం అనే పల్లెలో మంగాయమ్మ గారింట్లో పని. వెనకగదికి పైకప్పు తెల్లగా, గోడలు గంధం రంగు. పొద్దున్న పైకప్పు పూర్తిచేసి, అన్నం తిని, అరుగు మీద కాసేపు నడుం వాల్చి లోపలికి వెళ్ళాను. పైకప్పు ఎర్రగా ఉంది. కనకాంబరం కంటే ఎరుపు.

బ్రష్షులో కావి ఉండిపోయిందేమోనని చూశాను, లేదు. స్టూలెక్కి వేలితో రాశాను, వేలికి తెలుపే అంటింది. దిగి కిటికీలోంచి చూశాను. పెరడునిండా చాపల మీద ఎండుమిరపకాయలు పోసి ఉన్నాయి. నడినెత్తి ఎండ వాటి మీద భగ్గుమంటోంది.

పరుగెత్తికెళ్ళి ఒక చాప తీసి మిరపకాయల మీద కప్పాను. మంగాయమ్మ గారు వంటింట్లోంచి వచ్చింది. "అయ్యో, నేను ఎండడానికేసుకుంటే నువ్వు కప్పెడతావేటి?" అంటోంది. అమ్మా, ఒక్కసారి లోపలికొచ్చి పైకి చూడండి అన్నాను. సగం ఎరుపు తగ్గింది. ఇంకో చాప కప్పాను. పైకప్పు తెల్లబడింది. చాపలు తీశాను. ఎర్రబడింది. నాకు నవ్వాగలేదు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది, మిరపకాయల ఘాటుకి తుమ్ములొచ్చాయి, ఆవిడ మంచినీళ్ళు తెచ్చింది. తర్వాత ఆవిడే చాపలు కప్పుతూ తీస్తూ చూసుకుంది. పక్కింటివాళ్ళని పిలిచింది. కాసేపటికి వీధిలో సగం మంది ఆ గదిలో తలలెత్తి నిలబడ్డారు, మిగతా సగం బయట చాపలు లాగుతున్నారు.

"అయితే ఈ గదికి ఇంక నువ్వక్కర్లేదు సూరిబాబూ," అంది మంగాయమ్మ గారు. "ఏటా పంట రాగానే నేనే వేసుకుంటాను."

నేను అప్పటికే సైకిలెక్కాను. తాతారావు మేస్త్రి నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి గోడలు రంగు విసురుకుంటాయని నేర్పాడు. బయటి వస్తువులు కిటికీలోంచి విసరవని ఎవరన్నారు? తూర్పు కిటికీ. సాయంత్రం ఎండ ఇంటి మీదుగా పోయి ఎదురుగా ఉన్న పడవ పక్కకి తగులుతుంది. నూనె రంగు నిగనిగలాడుతుంది. ఎండ లేని గదిలోకి వచ్చే వెలుతురంతా ఆ పడవ మీద పడి వచ్చిందే. పొద్దున్న ఎండ నేరుగా గదిలో పడుతుంది కాబట్టి మీగడ మీగడలాగే కనబడుతుంది. నేను పొద్దున్న చూశాను, ఆయన సాయంత్రం చూశారు. ఇద్దరం నిజమే చెప్పాం. పడవ వచ్చాక ఒకే వేళ ఇద్దరం ఆ గదిలో నిలబడలేదు.

ఫరంపేట చేరేసరికి స్థలం ఖాళీ. పడవ నీళ్ళలో ఉంది. డిసెంబరు దాకా ఆగాలి. పక్కింటి పిల్లాడి ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకం అడిగి తెచ్చుకుని చదివాను. కాంతి ఒక వస్తువు మీద పడి ఎలా తిరిగొస్తుందో బొమ్మ గీసి మరీ ఉంది. మాస్టారు ఏటా చెప్పే పాఠమే. ఆ రాత్రి నాకు కోపంతో కాదు, సంతోషంతో నిద్ర పట్టలేదు.

కుర్రాళ్ళూ, ఇక్కడ ఆగి రాసుకోండి. ఏ గదికైనా రంగు ఎంచేముందు పొద్దున్న ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపం పెట్టాక ఒకసారి అక్కడ నిలబడండి. కిటికీలోంచి బయటికి చూడండి. ఎదురుగా వేపచెట్టుంటే గోడ పచ్చగా తిరుగుతుంది, కాస్త కావి కలుపుకోండి. ఎర్రమట్టి నేల ఉంటే పైకప్పు ఎర్రబడుతుంది. పక్కింటి గోడ ఏ రంగో చూడండి, వాళ్ళు మార్చబోతున్నారేమో అడగండి. ఇంటాయనకి ఇదంతా వేళాకోళంగా ఉంటుంది. ఉండనివ్వండి.

ఆరో కార్డు

ఆ ఏడు మాస్టారు రిటైరయ్యారు. డిసెంబరు మొదట్లో గంగరాజు కబురు పంపాడు. పడవ గట్టెక్కిస్తున్నాడు, ఈసారి ఎరుపు వేయిస్తాడట. నేను చేసే పని వదిలేసి రేవుకి పరుగెత్తాను. దణ్ణం పెట్టి, ఈ ఒక్క ఏడూ నెమలికంఠమే వేద్దాం, పాత చోటే నిలబెడదాం అన్నాను.

గంగరాజు నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నా పెళ్ళానికి లేని ఆపేక్ష నీకెందుకు సూరిబాబూ నా నావ మీద?" అన్నాడు. చెప్పాను. మిరపకాయల దగ్గర్నుంచీ చెప్పాను. పూర్తిగా విని, వల పక్కన పెట్టి, తనే తాడు పట్టి పడవని ఐదేళ్ళుగా పెట్టిన చోట, అంగుళం తేడా లేకుండా నిలబెట్టాడు. రెండు పూతలన్న చోట నేను మూడు వేశాను. అంత నిగనిగలాడే పడవ యానాంలో అంతకుముందు లేదు.

అప్పుడు ఆరో కార్డు రాశాను. ఘాటు లేదు. మాస్టారండీ, సాయంత్రం నాలుగింటికి మీ ముందుగదిలో నిలబడండి. గోడ చూడండి. కిటికీ తలుపులు మూసి, లైటు వేసి మళ్ళీ చూడండి. మీ ఎనిమిదో తరగతి పుస్తకంలో కాంతి పాఠం ఒకసారి చదవండి. ఇంతే రాసి సంతకం పెట్టాను.

నాలుగు రోజులు ఏమీ లేదు. ఐదో రోజు పొద్దున్న పోస్టుమేను మా వాకిట్లో సైకిలు దిగాడు. సైకిలు మీదనుంచే విసిరేసేవాడు, ఆ రోజు దిగి రెండు చేతులతో ఇచ్చాడు. కార్డే, కవరు కాదు. ఆయన కూడా పోస్టుమేను చదవాలనే రాశారు. ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో ఉంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"సూరిబాబుకి దీవెనలు. నీ కార్డు అందింది. చెప్పినట్టే నాలుగింటికి నిలబడ్డాను. కిటికీ మూసి లైటు వేస్తే గోడ తెల్లగా ఉంది. తీస్తే పచ్చబడింది. నమ్మకం కుదరక మళ్ళీ మూశాను. పడవ మీద ఎండ పోయేదాకా అదే పని. తర్వాత నీ రెండో కార్డు వెతికి తీసి, అందులో రాసినట్టు ఒక మూల చాకుతో సున్నం గీకాను. కింద మీగడ రంగు ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళు పిల్లలకి ఆ పాఠం చెప్పాను, నా ఇంటి కిటికీ దగ్గర మాత్రం తప్పాను. నువ్వు వేసింది పడవ రంగు కాదు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వాకిట్లో అందరి ముందూ ఆ మాట చెబుతాను, వచ్చి విను. సోమవారం వచ్చి సున్నమంతా గీకి ముందుగది మళ్ళీ వెయ్యి. మీగడ రంగే. ఇక కింది మాట రూతమ్మ పక్కన నిలబడి రాయిస్తోంది: సాయంత్రం వచ్చి చూడమని నీకు చెప్పాను, పొద్దున్న చూడమని ఈయనకి చెప్పాను, ఇద్దరూ వినలేదు. ఇప్పుడైనా వినండి. ఆ సాయంత్రం పచ్చ నాకు మొదట్నించీ ఇష్టం. గంగరాజుతో చెప్పి, కొత్త రంగు ఆరాక కూడా కొన్నాళ్ళు పడవని అక్కడే ఉంచమను."